గోల్డెన్ మిల్లర్ యజమానురాలు

ఇంగ్లండులో చెల్టెన్‌హామ్ పట్టణము చెంత, క్లీవ్ కొండ పాదమున, ఏటేట మార్చి నెలలో గోల్డ్ కప్పు అను గుఱ్ఱపు పందెము జరుగును. కంచెలు దూకుచు పరుగిడు గుఱ్ఱములకు ఆ దేశమున దానిని మించిన గౌరవము లేదు. 1924లో ఈనాటి రూపమున ఆరంభమైన ఆ పందెమును ఏడుసార్లు గెలిచిన యజమాని ఒక్కరే. ఆమె పేరు డొరొథీ పాజెట్. ఆ ఏడింటిలో అయిదు గోల్డెన్ మిల్లర్ అను ఒక్క గుఱ్ఱము తెచ్చిపెట్టినవి. ఆమెను గూర్చి వ్రాసినవారిలో పలువురు ఆమె వింత అలవాట్లను చెప్పి, చదువరులను నవ్వించి విడిచిరి. ఆ అలవాట్లు నిజమే, నేనును చెప్పెదను. కాని ఎవరును లెక్కచేయని ఒక పందెమునకు ఇంత ప్రతిష్ఠ ఎట్లు కలిగినదో తెలియవలెనన్న ఆమె కథయే చదువవలెను. ఆ ప్రతిష్ఠ వెనుక ఎవరెవరు నలిగిరో అదియు అందులోనే కలదు.

ముందుగా ఈ పందెము ఎట్టిదో కొంత తెలిసికొందము. హైదరాబాదు మలక్‌పేటలో మనవారు చూచునవి చదును నేలపై పరుగులు. స్టీపుల్‌చేజ్ వేఱు. స్టీపుల్ అనగా చర్చి గోపురము. 1752లో ఐర్లండులోని కార్క్ మండలమున ఓకల్లహన్, బ్లేక్ అను ఇరువురు పందెము వేసికొని, బటివెంట్ చర్చి నుండి డొనెరెయిల్ చర్చి వఱకు, సుమారు నాలుగున్నర మైళ్లు, అడ్డము వచ్చిన గోడలను గట్లను దూకించుచు గుఱ్ఱములను తోలిరట. దూరమునకు కానవచ్చునది గోపురమే కనుక అదియే వారికి గుఱి. కాలక్రమమున పొలముగట్లు పోయి, పందెపు బయలులో కట్టిన కంచెలు, త్రవ్విన కందకములు వచ్చినవి. ఇట్టి పందెములలో మిక్కిలి ప్రసిద్ధమైనది లివర్‌పూల్ చెంత ఎయిన్‌ట్రీలో జరుగు గ్రాండ్ నేషనల్. దూరము నాలుగు మైళ్లకు పైమాట. డొరొథీ కాలమున కంచెలు ముప్పది. అందు మేలైన గుఱ్ఱముపై ఎక్కువ బరువు మోపుదురు; తక్కువదానికి తగ్గింతురు. కనుక అదృష్టమునకు అక్కడ చోటెక్కువ. గోల్డ్ కప్పు అట్లు కాదు. ఈడు వచ్చిన గుఱ్ఱములన్నియు సమాన భారముతో పరుగెత్తును. మేటి ఏదో తేలిపోవును.

న్యాయముగా చూచిన గోల్డ్ కప్పే గొప్పది కావలెను. అయినను తొలినాళ్లలో దానికి విలువ లేకుండెను. 1924లో గెలిచిన రెడ్ స్ప్లాష్ యజమానికి దక్కిన సొమ్ము 685 పౌన్లు. నేషనల్‌కు ముందు గుఱ్ఱమును ఒకసారి తోలి చూచుకొనుటకు పనికివచ్చునని యజమానులు దానిని వాడుకొనుచుండిరి. 1931లో మంచునకు నేల గడ్డకట్టి పందెము జరుగనే లేదు.

డొరొథీ 1905 ఫిబ్రవరి 21వ తేదీన జన్మించెను. తండ్రి ఆల్మెరిక్ పాజెట్ ఆంగ్ల ప్రభువంశమువాడు. పార్లమెంటు సభ్యుడుగా నుండి, 1918లో క్వీన్‌బరో ప్రభువు అయ్యెను. తల్లి పాలిన్ విట్నీ అమెరికా దేశపు ధనికుల బిడ్డ. పాలిన్ తండ్రి విలియం విట్నీ అమెరికా నౌకాదళ మంత్రిగా పనిచేసినవాడు, గుఱ్ఱములపై మక్కువ గలవాడు. 1916లో పాలిన్ మరణించెను. డొరొథీకి అప్పటికి పదునొకండేండ్లు. తల్లివైపు ఆస్తి ఆమెకును, అక్క ఆలివ్‌కును వచ్చినది. అక్క ఆ ధనముతో కెంట్ మండలమున లీడ్స్ కోటను కొని బాగుచేయించెను. చెల్లెలి ధనము గుఱ్ఱములకు పోయినది.

ఉపాధ్యాయులు గమనింపదగిన ముచ్చట ఒకటి ఇక్కడ కలదు. ఈ పిల్లను ఆరు పాఠశాలలు వెళ్లగొట్టినవని చెప్పుదురు. ధనికుల పిల్లలకై యేర్పడిన మంచి పేరుగల పాఠశాలలే అవి. తల్లి లేని పిల్ల, లోపల బిడియము, పైకి మొండితనము. ఎదుట నిలిచినవారిని ధిక్కరించుటయే ఆమెకు తెలిసిన విద్య. ఇట్టి పిల్లలను మనమందఱము ఎఱుగుదుము. వెనుక బెంచీపై ఒకరైనను ఉండని తరగతి ఉండదు. తుదకు ఆమెను పారిసు నగరమునకు పంపిరి. అక్కడ, 1917 విప్లవముతో సర్వము పోగొట్టుకొని వచ్చిన మెష్చెర్‌స్కాయా అను రష్యా రాజవంశపు స్త్రీ, జీవనోపాధికై ఆడపిల్లల పాఠశాలను నడుపుచుండెను. ఆరు పాఠశాలలలో ఇమడని పిల్ల ఏడవదానిలో ఇమిడినది. ఆ గురువు వెత్తిని శిక్షించిన జాడ లేదు. ఆమె దుఃఖము ఎట్టిదో మాత్రము శిష్యురాలు కండ్లార చూచినది.

దాని ఫలము 1927లో కనబడెను. ఇరువదిరెండేండ్ల డొరొథీ పారిసునకు దక్షిణమున సెంత్ జెనెవియేవ్ దె బ్వా అను గ్రామములో ఒక పెద్ద భవనమును తన సొమ్ముతో ఏర్పాటుచేసి గురువునకు అప్పగించినది. దేశము విడిచి వచ్చిన ముసలి రష్యనులు తుదిదినములు గడుపుకొనుటకు అది ఆశ్రయమైనది. పూర్వపు సేనానులు, ఉద్యోగులు, వారి వితంతువులు అక్కడ చేరిరి. పోయినవారిని ఆ ఊరి శ్మశానమున పూడ్చుచు రాగా, అది క్రమముగా విదేశములందలి రష్యనుల ముఖ్య శ్మశానమయ్యెను. 1933లో నోబెల్ బహుమానము పొందిన ఇవాన్ బూనిన్ సమాధి అక్కడనే కలదు. ఆయన కథలు చదివిన మన సాహిత్య విద్యార్థులలో ఎందఱకు ఆ నేల వెనుక ఒక గుఱ్ఱపు పందెముల యజమానురాలు ఉన్నదని తెలియును? ఆమె ఈ సంగతిని ఎన్నడును చాటుకొనలేదు. డొరొథీని గూర్చి తీర్పు చెప్పబోవువారు ఈ ఇంటిని మొదట తూకములో వేయవలెనని నా మతము.

గుఱ్ఱములకు ముందు కొంతకాలము ఆమెకు మోటారు కార్ల మోజు పట్టెను. సర్ హెన్రీ బర్కిన్ అను పరుగుల వీరుడు బెంట్‌లీ కార్లకు గాలిని బలముగా నెట్టు యంత్రము తగిలించి వేగము పెంపదలచెను. కారు నిర్మాత బెంట్‌లీకే అది ఇష్టము లేదు. డొరొథీ ధనమిచ్చెను. 1930లో ఫ్రాన్సులోని పో నగరమున జరిగిన పందెములో బర్కిన్ రెండవవాడుగా వచ్చెను. ఆ సంవత్సరమే ల మాన్ పందెములో ఆమె కార్లు నడుమనే చెడి నిలిచిపోయినవి. ఆ ఏటి చివరనే ఆమె చేయి వెనుకకు తీసికొన్నది. నేడు ఆ కార్లను చూచుటకు జనులు బారులు తీరుదురు కాని, ఆనాడు ఆమెకు మిగిలినది ఖర్చు మాత్రమే.

1931లో ఆమె బేజిల్ బ్రిస్కో అను శిక్షకుని ద్వారా రెండు గుఱ్ఱములను కొనెను. ఒకటి ఇన్సూరెన్స్, రెండవది గోల్డెన్ మిల్లర్. ఐర్లండులోని మీత్ మండలమున గెరాటీ అను రైతు ఇంట 1927లో పుట్టిన పిల్ల అది. తల్లిదండ్రులలో పేరుగల గుఱ్ఱము లేదు. మొదట చూచినప్పుడు బ్రిస్కోకే అది నచ్చలేదందురు. చేతులు మాఱి మాఱి తుదకు డొరొథీ శాలకు చేరినది. కొన్న మఱుసటి సంవత్సరము, 1932లో, అయిదేండ్ల ప్రాయమున అది గోల్డ్ కప్పు గెలిచెను. ఆ చెల్టెన్‌హామ్ ఉత్సవములోనే ఇన్సూరెన్స్ చాంపియన్ హర్డిల్ గెలిచినది. 1933లో రెండు గుఱ్ఱములును ఆ రెండు పందెములను మఱల గెలిచినవి.

తరువాతి సంవత్సరము 1934. మార్చిలో గోల్డెన్ మిల్లర్ మూడవ గోల్డ్ కప్పు అందుకొనెను. కొన్ని దినములకే ఎయిన్‌ట్రీలో గ్రాండ్ నేషనల్. ముందటి యేడు అదే పందెములో దారినడుమ తప్పిపోయిన గుఱ్ఱమది. ఈసారి దానిపై మోపిన భారము 12 స్టోనుల 2 పౌనులు, అనగా మన లెక్కలో సుమారు 77 కిలోలు. రౌతు గెరీ విల్సన్. ముప్పది కంచెలను దాటి, 9 నిమిషముల 20 సెకండ్ల పైచిలుకు కాలములో, నాటికి ఎన్నడును లేని వేగముతో అది గెలిచెను. ఒకే సంవత్సరములో గోల్డ్ కప్పును, గ్రాండ్ నేషనల్‌ను గెలిచిన గుఱ్ఱము అంతకుముందు లేదు. ఆ తరువాత ఇంతవఱకును లేదు. నేషనల్‌కు సిద్ధపఱచు పందెమని తక్కువగా చూడబడిన గోల్డ్ కప్పు, ఆ గుఱ్ఱము ఏటేట వచ్చి గెలుచుటవలన, జనులు ఎదురుచూచు పందెమయ్యెను. ఏ పాలకవర్గము తీర్మానించినను రాని గౌరవము ఇట్లు వచ్చినది.

1935వ సంవత్సరము ఈ కథకు గుండెకాయ. గోల్డెన్ మిల్లర్‌ను అలయనీయక చెల్టెన్‌హామ్‌లో సులువుగా గెలిపించి, పదునైదు దినముల తరువాత ఎయిన్‌ట్రీకి తాజాగా పంపవలెనని డొరొథీవారి ఆలోచన. దానికి సరిజోడు అనదగినది థామండ్ అను గుఱ్ఱమొక్కటే. దాని యజమాని జాక్ విట్నీ, డొరొథీ మేనమామ కుమారుడే. అతడు తన గుఱ్ఱమును గోల్డ్ కప్పునకు తేడని తొలుత అనుకొనిరి. నేల ఎండి గట్టిపడగా, అది తన గుఱ్ఱమునకు అనుకూలమని అతడు తుదిక్షణమున బరిలోనికి దించెను. ఒకే తాత మనుమలు ఇరువురు. రెండు మేటి గుఱ్ఱములు. చివరి కంచె దాటువఱకు రెండును జంటగా నడచినవి. కొండవాలున గమ్యమునకు ఎగబ్రాకుచు గోల్డెన్ మిల్లర్ ముక్కాలు గుఱ్ఱపు పొడవున గెలిచెను. చెల్టెన్‌హామ్‌లో అంతటి పోరు అంతకుముందు చూడలేదని చూచినవారు ఏండ్ల తరబడి చెప్పుకొనిరి. అది నాలుగవ గెలుపు. కాని గట్టినేలపై అంత తీవ్రముగా పరుగెత్తిన గుఱ్ఱము శరీరమున ఏమి మిగిలినదో ఆ సంతోషములో చూచినవారు తక్కువ.

మార్చి 29న గ్రాండ్ నేషనల్. రెండు పందెములును కలిపి గెలుచునని లోకము లోకమే దానిపై సొమ్ము ఒడ్డినది. రూపాయి పెట్టినవానికి లాభము రెండే రూపాయలు. గ్రాండ్ నేషనల్ చరిత్రలో ఏ గుఱ్ఱముపైనను జనులు అంత నమ్మకముంచలేదు. మొదటి చుట్టులోనే, వాలెంటైన్స్ అను కంచెను దాటిన కొలదిసేపటికి, ముందున్న కంచెవద్ద గుఱ్ఱము జంకెను. రౌతు క్రింద పడెను. పందెము ముగిసినది. ఆ సాయంకాలము వైద్యులు పరీక్షించిరి. మఱునాడే దానిని ఇంకొక పందెమునకు తోలిరి. మొదటి కంచెవద్దనే రౌతు మఱల క్రింద పడెను.

నేషనల్ మఱునాడే ఆ గుఱ్ఱమును మఱల బరిలోనికి దింపుట నాకు అన్యాయముగా తోచుచున్నది. దానితో ఆగలేదు. రౌతుపై అనుమానములు, శిక్షకునిపై అనుమానములు, గుఱ్ఱమునకు ఏదియో పెట్టిరను వదంతులు; పత్రికలకు పండుగ. ఏ వదంతికిని ఋజువు దొరకలేదు. డొరొథీ బ్రిస్కోను నిలదీసెను. గుఱ్ఱమును అనామకముగా నున్నప్పుడు వెదకి తెచ్చి, నాలుగు గోల్డ్ కప్పులకును సిద్ధపఱచిన వాడతడు. మాట మాట పెరిగి, ఆమె గుఱ్ఱములనన్నిటిని తన శాలనుండి తీసికొనిపొమ్మని అతడు చెప్పివేసెను. గెలిచిన గుఱ్ఱములన్నియు ఒక్కమాటుగా వెడలిపోగా అతని శాల వెలవెలపోయినది. అటుపిమ్మట ఆమె జీవితమున ఎందఱో శిక్షకులు మాఱిరి. ఈ తగవు వారందఱి కథకు నాంది.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు నలునకు అక్షహృదయము నిచ్చి, అతనినుండి అశ్వహృదయము పొందగోరిన ఘట్టము మన విద్యార్థులకు పాఠ్యభాగముగా పరిచితమే. ఒకడు పాచికల మర్మము తెలిసినవాడు, ఒకడు గుఱ్ఱముల మనసు తెలిసినవాడు. డొరొథీకి పాచికలు తెలియును. గుఱ్ఱములపై ప్రేమయు కలదు. కాని ఒక గుఱ్ఱము ఒక చోట దూకనని నిశ్చయించుకొన్న దానికి కారణము మనుష్యులలో వెదకెను. గుఱ్ఱమే తరువాత సమాధానము చెప్పెను. ఓవెన్ ఆంథొనీ అను క్రొత్త శిక్షకుని చేతిక్రింద 1936లో అది అయిదవ గోల్డ్ కప్పు గెలిచెను. అదే యేడు ఎయిన్‌ట్రీలో మొదటి కంచెవద్ద పడి, రౌతు మఱల ఎక్కి తోలగా, ముందటియేడు జంకిన చోటికి వచ్చి నిలిచిపోయెను. 1937లోను అంతే, అక్కడికి వచ్చి, దూకక ఆగెను. రౌతు మాఱెను, శిక్షకుడు మాఱెను. ఆ చోటు మాత్రము దానికి జ్ఞాపకమున్నది. ఇక ఎయిన్‌ట్రీకి దానిని పంపలేదు. 1937లో వాతావరణము అనుకూలింపక గోల్డ్ కప్పు జరుగలేదు. జరిగియుండిన ఆఱవది కూడ దక్కెడిదేమో. 1938లో అది మోర్స్ కోడ్ అను గుఱ్ఱమునకు వెనుక రెండవదిగా వచ్చెను. ఆ మఱుసటి యేడు విశ్రాంతి నిచ్చిరి.

ఇక ఆ అలవాట్లు. ఆమె నివాసము బకింగ్‌హామ్‌షైర్‌లోని చాల్‌ఫాంట్ సెంట్ జైల్స్ గ్రామమున హెర్మిట్స్ వుడ్ అను గృహము. 1665లో లండనులో మారి వ్యాపింపగా మిల్టన్ మహాకవి వచ్చి తలదాచుకొనిన ఊరే అది. డొరొథీ అక్కడ రాత్రిని పగలుగా చేసికొనెను. సూర్యుడు గ్రుంకిన తరువాత ఉపాహారము, తెల్లవారుజామున భోజనము, పగలు నిద్ర. నడిరేయి శిక్షకులకు టెలిఫోను చేసి గంటలకొలది మాటాడెడిది. పరిచారికలను పేర్లతో గాక రంగుల పేర్లతో పిలిచెడిది. పురుషుల సమక్షము ఆమెకు గిట్టదు. పందెముల బయలునకు వచ్చినప్పుడు ఎల్లప్పుడు ఒకే పాత కోటు. చుట్టును స్త్రీ కార్యదర్శుల బృందము. శరీరము స్థూలమై నడుచుట కష్టమయ్యెను.

రాత్రి మేల్కొనువారికి పగటి పందెములపై సొమ్ము ఒడ్డుట ఎట్లు? ఇందొక చిత్రము కలదు. జరిగిపోయిన పందెములపై, ఫలితము తెలియకుండ, రాత్రివేళ పందెము కాయుటకు బుకీలు ఆమెకు అనుమతి నిచ్చిరి. ఆమె ఫలితము తెలిసికొని మోసగింపదని వారికి నమ్మకము. పందెపు వ్యాపారులు ఒకరి మాటను అంతగా నమ్మిరన్న, ఆ మాటకు విలువ కలదనియే అర్థము. అయితే ఆమె గెలిచినదానికన్న ఓడినదే ఎక్కువగుట వారి నమ్మకమును పెంచియుండును. ఈ వ్యసనమును నేను సమర్థింపను. ధర్మరాజు కథ చదివి చెప్పుకొను జాతి మనది. జూదము రాజ్యమును తినునని మనకు వేఱుగా బోధింపనక్కఱలేదు. ఆమె ధనరాశి మాత్రము జూదమునకును తఱుగనంత పెద్దది. అదియే ఆమెకు మేలు చేయలేదేమో.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చినను పందెములు పూర్తిగా ఆగలేదు. 1940లో రోమన్ హాకిల్ ఆమెకు ఆఱవ గోల్డ్ కప్పు తెచ్చెను. 1943లో ఆమె శాలలోనే పుట్టి పెరిగిన స్ట్రెయిట్ డీల్ అను గుఱ్ఱము డెర్బీ గెలిచెను. యుద్ధము వలన ఆ యేడు డెర్బీ ఎప్సమ్‌లో గాక న్యూమార్కెట్‌లో జరిగినది. రెండవ స్థానమున వచ్చినది ఆగాఖాన్ గుఱ్ఱము. తేడా ఒక తలపాటి. చదును నేల పందెములలో ఆమె పొందిన పెద్ద గౌరవమిదే. 1952లో మాంట్ ట్రెంబ్లాంట్ ఏడవ గోల్డ్ కప్పు గెలిచినది. దాని శిక్షకుడు ఫుల్క్ వాల్విన్. 1936లో గోల్డెన్ మిల్లర్ మొరాయించి నిలిచిన నేషనల్‌ను రెనాల్డ్స్‌టౌన్ అను గుఱ్ఱముపై గెలిచిన రౌతు అతడే. మఱుసటి యేడు మాంట్ ట్రెంబ్లాంట్ నేషనల్‌లో రెండవదిగా వచ్చెను. ఎంత వెచ్చించినను ఆమెకు ఎయిన్‌ట్రీ విజయము 1934 నాటి దొక్కటే.

గోల్డెన్ మిల్లర్ ఎసెక్స్ మండలమందలి ఎల్సన్‌హామ్‌లో, ఆమె గుఱ్ఱపుశాలయందే, వార్ధక్యము గడపెను. ఇన్సూరెన్స్ దానికి తోడుండెను. పందెములకు పనికిరాని గుఱ్ఱమును అమ్మివేయుట ఆ వ్యాపారమున వాడుక. ఆమె అట్లు చేయలేదు. 1957లో, ముప్పదియవ యేట, ఆ గుఱ్ఱము గతించెను. దానిని అక్కడనే పూడ్చిరి. ఎయిన్‌ట్రీలో మూడుమార్లు తల దించుకొనజేసిన గుఱ్ఱముపై ఆమె కోపము నిలువలేదు. ఆ కోపము అనుభవించినవారు మనుష్యులే.

1960 ఫిబ్రవరి 9వ తేదీన, యాబదినాలుగవ యేట, డొరొథీ గుండె ఆగి హెర్మిట్స్ వుడ్‌లో మరణించెను. వివాహమాడలేదు, సంతానము లేదు. 1946లో ఆమె ఐర్లండున మీత్ మండలములో బాలీమాకల్ అను అశ్వవర్ధనశాలను కొనియుండెను. మరణానంతరము అది అన్యుల చేతికి పోయినది. గోల్డెన్ మిల్లర్ పుట్టినదియు ఆ మండలమే. 1957లో, గోల్డెన్ మిల్లర్ గతించిన సంవత్సరముననే, బాలీమాకల్‌లో వేఱొకరి ఆడుగుఱ్ఱము ఒక పిల్లను ఈనెను. ఆమెకు దానితో సంబంధము లేదు. అది ఆమె శాలకు చెందినదియు కాదు. దానికి ఆర్కిల్ అని పేరు పెట్టిరి. 1964, 1965, 1966 సంవత్సరములలో గోల్డ్ కప్పు దానిదే.